కొండెక్కగల బుల్లి ఎలక్ట్రిక్ కారు: సీట్లు ముందూ వెనకా పెట్టాలా, పక్కపక్కనా?

మంగళం_వెల్డర్:
అందరికీ నమస్కారం. తిరుపతి మంగళం రోడ్డులో నాకు ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్స్, గూడ్స్ ఆటోలకు బాడీలు, ఈ మధ్య ఈ-రిక్షాల చాసిస్ రిపేర్లు చేస్తుంటాం. ఇద్దరు మిత్రులతో కలిసి ఓ చిన్న ఎలక్ట్రిక్ కారు కడుతున్నాను. కింది ఫ్రేము సగం అయింది. వెల్డింగ్ పూర్తయ్యాక మళ్లీ కోయాలంటే ప్రాణం ఒప్పుకోదు కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను.

మేం అనుకున్న బండి ఇది. నాలుగు చక్రాలు, ఇద్దరు మనుషులు, ఒకరి వెనక ఒకరు. వెడల్పు 1.1 మీటర్లు, పొడవు 2.4. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ 48 వోల్టులు, 100 ఆంపియర్ అవర్, అంటే దాదాపు 5 యూనిట్లు. వెనక రెండు చక్రాల్లో రెండు హబ్ మోటార్లు, అంటే చక్రం మధ్యలోనే ఉండే మోటార్లు. పైకప్పు మీద సోలార్ ప్యానెల్. తలుపుల సంగతి ఇంకా తేల్చలేదు. మనుషులు, సామాన్లు అన్నీ కలిపి 650 కిలోలు దాటకూడదని నా పట్టుదల.

రోజూ తిరిగేది తిలక్ రోడ్డు, లీలామహల్ సర్కిల్, గాంధీ రోడ్డు. అప్పుడప్పుడు తిరుచానూరు, చంద్రగిరి. 40 కిలోమీటర్లు మించదు. కానీ మా అమ్మను కొండకు తీసుకెళ్లాలి. తిరుపతిలో కట్టిన బండి తిరుమల ఎక్కలేదంటే నాకు మనసొప్పదు.

ముందూ వెనకా సీట్లు అనుకోవడానికి కారణం రెనో ట్విజీ అనే బుల్లి ఎలక్ట్రిక్ బండి. 6.1 యూనిట్ల బ్యాటరీ, ఇరుకు బాడీ, 2012 నుంచి యూరప్ వీధుల్లో తిరిగింది. సందుల్లో దూరుతుంది, గాలి తక్కువ తగులుతుంది. మొహమాటం లేకుండా చెప్పండి.

ఏర్పేడు_స్టూడెంట్:
అన్నా, చాలా బాగుంది. ఒక్క ప్రశ్న. నాలుగో చక్రం ఎందుకు? ముందు రెండు, వెనక ఒకటి పెడితే ఒక హబ్ మోటారు, ఒక సస్పెన్షన్ మిగులుతాయి. బరువు, ఖర్చు రెండూ తగ్గుతాయి. ముంబై వాళ్ల స్ట్రామ్ ఆర్3 అలాంటిదే కదా.

చిత్తూరు_లెక్కల_మాస్టారు:
బాబూ, బరువు తగ్గడం నిజమే. కానీ బోల్తా లెక్క కూడా చూడాలి.

నాలుగు చక్రాల బండిలో ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని (దీన్నే ట్రాక్ అంటారు), బరువు కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించండి. వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే బండి బోల్తా పడటం అంత కష్టం. వెల్డర్ గారి బండి బాడీ 1.1 మీటర్లంటే చక్రాల మధ్య 0.95 దాకా వస్తుంది. బ్యాటరీ నేల కింద పెట్టి, మనుషులు కూర్చున్నాక బరువు కేంద్రం అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. 0.95 వస్తుంది. మామూలు కార్లకు ఇది 1.3కు పైనే ఉంటుంది. పొడి రోడ్డు మీద టైరు పట్టు 0.8 అనుకుంటే, బండి పడిపోయే ముందే టైర్లు జారతాయి. అది మనకు మంచిదే. కానీ పైన ప్యానెల్ ఎక్కించి, సీట్లు ఎత్తు చేసి బరువు కేంద్రాన్ని 60 సెంటీమీటర్లకు తీసుకెళ్తే 0.79కి పడిపోతుంది. ఇక జారే ముందే లేవొచ్చు.

మూడు చక్రాలైతే ఇదే సంఖ్యను మళ్లీ తగ్గించాలి. ఒంటి చక్రం నుంచి బరువు కేంద్రం ఎంత దూరంలో ఉందో, దాన్ని మొత్తం వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరంతో) భాగించి ఆ భిన్నంతో గుణించాలి. అరవై శాతం ముందుకు ఉన్నా 0.95 కాస్తా 0.57 అవుతుంది. వెడల్పును 1.3 మీటర్ల ట్రాక్ దాకా పెంచితేగానీ 0.78 రాదు. అంటే మూడు చక్రాల వల్ల మిగిలే బరువును వెడల్పు రూపంలో తిరిగి కట్టాలి. ఒంటి చక్రం ముందుంటే ఇంకో ఇబ్బంది: దిగుతూ, మలుపు తిప్పుతూ, బ్రేకు వేస్తే బరువంతా ఆ ఒంటి చక్రం వైపుకే పోతుంది. ఘాట్‌లో దిగేటప్పుడు ప్రతి మలుపులో చేసే పని అదే కదా.

నాలుగు చక్రాలే ఉంచండి.

పలమనేరు_రైతు:
అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఎంజీ కామెట్ దొరుకుతోంది కదా. 2.97 మీటర్ల పొడవు, 17.3 యూనిట్లు, నలుగురు కూర్చోవచ్చు, ఏసీ ఉంది. ఇంత కష్టం ఎందుకు?

మంగళం_వెల్డర్:
@పలమనేరు_రైతు కామెట్ మంచి బండే అన్నా, కొనగలిగినవాళ్లు కొనుక్కోవాలి. నా ఆలోచన వేరు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవాడికి 17 యూనిట్ల బ్యాటరీ మోయడం ఎందుకు? బ్యాటరీ పెరిగితే దాన్ని మోసే ఫ్రేము పెరగాలి, ఫ్రేము పెరిగితే బ్రేకులు, టైర్లు, మోటారు పెరగాలి. వీటన్నిటినీ లాగడానికి మళ్లీ బ్యాటరీ పెరగాలి. నేను ఆ దారికి రెండో వైపు నుంచి నడవాలనుకుంటున్నాను. పాడైతే మా వీధిలోనే బాగు చేసుకోగలిగే బండి కావాలి.

అలిపిరి_ట్యాక్సీ:
కొండ సంగతి నేను చెప్తాను. రోజూ ఎక్కి దిగేవాణ్ని.

ఎక్కే రోడ్డు, అంటే 1974 నాటి రెండో ఘాట్, దాదాపు 18 కిలోమీటర్లు. వాలు అంతటా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల తేలిగ్గా పోతుంది, కొన్ని మలుపుల దగ్గర రెండో గేరు, బండి నిండుగా ఉంటే మొదటి గేరు. మీకు అసలు పరీక్ష రన్నింగ్‌లో రాదు. ముందు బస్సు ఆగి, మీరు మలుపు మధ్యలో వాలు మీద నిలిచి, మళ్లీ కదలాల్సినప్పుడు వస్తుంది. పండగ రోజుల్లో అలా ఆగి కదలడం లెక్కలేనన్ని సార్లు జరుగుతుంది. ఆ కదలికలోనే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. మీకు క్లచ్ లేదు, సరే. మోటారు కాలకుండా చూసుకోండి.

దిగే రోడ్డు 1944 నాటి పాత ఘాట్. మలుపులన్నీ దగ్గర దగ్గరగా, ముడుచుకుని ఉంటాయి. తొందరగా దిగిపోకుండా టైమ్ కూడా చూస్తారు. మేం డ్రైవర్లం గేరులో దింపుతాం, బ్రేకు మీద కాలు పెట్టి దింపం. 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి కదా, వాటిల్లో మోటారే వెనక్కి లాగి పట్టుకుంటుంది, డ్రైవర్లకు అది బాగా నచ్చింది. మీ బండిలో అది లేకపోతే మాత్రం అమ్మను ఎక్కించకండి.

చిత్తూరు_లెక్కల_మాస్టారు:
ట్యాక్సీ తమ్ముడు చెప్పినదానికి అంకెలు వేస్తాను.

తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్లు, తిరుమల సుమారు 850. దాదాపు 690 మీటర్లు ఎత్తాలి. 650 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికే 1.2 యూనిట్లు. టైర్ల రాపిడికి 0.4, గాలికి 0.2 కంటే తక్కువ. మోటారు, కంట్రోలర్ నష్టాలు కలిపితే బ్యాటరీ నుంచి సుమారు 2.2 యూనిట్లు. కాబట్టి 5 యూనిట్ల బ్యాటరీతో ఎక్కడం ఖాయం. రేంజ్ గురించి టెన్షన్ పడకండి.

భయపడాల్సింది మొత్తం ఖర్చయ్యే శక్తి గురించి కాదు, ఒక్కో క్షణంలో మోటారు ఇవ్వాల్సిన పవర్ గురించి. సగటు వాలు నాలుగు శాతం కంటే తక్కువే. 35 కిలోమీటర్ల వేగంలో చక్రాల దగ్గర మూడున్నర కిలోవాట్లు చాలు. కానీ పది శాతం వాలు వచ్చిన చోట అదే వేగానికి 7 కిలోవాట్లు కావాలి. 25కి తగ్గితే 5 చాలు. మోటారు మీద రాసిన అంకె పీక్‌దా (కాసేపే ఇవ్వగలిగేది), కంటిన్యూయస్‌దా (ఆగకుండా ఇవ్వగలిగేది) అని షాపువాణ్ని గట్టిగా అడగండి. ఘాట్‌కు కంటిన్యూయస్ అంకె ఒక్కటే లెక్క.

దిగేటప్పుడు మోటారు బ్రేకు వల్ల బ్యాటరీకి ఎంత తిరిగొస్తుందని అడుగుతారు. 1.2లో రాపిడి, గాలి పోగా మిగిలేది 0.65. అది బ్యాటరీకి చేరేసరికి 0.4 దాకా ఉంటుంది. రేంజ్ పెరుగుతుందని ఆశపడొద్దు. బ్రేకులు చల్లగా ఉండటమే దాని అసలు లాభం.

పాకాల_మెకానిక్:
మాస్టారు లెక్క చదివాక నేను చెప్పేది సులువైంది. తమ్ముడూ, హబ్ మోటార్లు తీసేయ్.

ఈ సైజు హబ్ మోటారుకు సాధారణంగా గేరు ఉండదు. చక్రం ఎంత నెమ్మదిగా తిరిగితే మోటారూ అంత నెమ్మదిగా తిరుగుతుంది. వాలులో నెమ్మదిగా తిరుగుతూ గట్టిగా లాగాలంటే కరెంటు పెంచడం తప్ప దారి లేదు. ఆ కరెంటంతా కాయిల్‌లో వేడి అవుతుంది. మూసి ఉన్న డబ్బాలో ఆ వేడికి బయటికి దారి లేదు. చదునైన రోడ్డు మీద స్కూటర్‌కు అది బాగుంటుంది. 15 శాతం వాలు మీద 650 కిలోలు కదలాలంటే చక్రాల దగ్గర 240 న్యూటన్ మీటర్ల దాకా కావాలి. అదే 40 న్యూటన్ మీటర్ల మామూలు మోటారుకు ఎనిమిదికి ఒకటి రిడక్షన్ (మోటారు ఎనిమిది సార్లు తిరిగితే చక్రం ఒకసారి) పెడితే నష్టాలు పోనూ 300 వస్తుంది, మోటారు హాయిగా తిరుగుతుంది.

ప్రయాణికుల ఎలక్ట్రిక్ ఆటోల్లో మోటారు, గేర్‌బాక్సు, రెండు చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ ఒకే యూనిట్‌గా వస్తాయి. ఈ-రిక్షాది కాదు, దానికంటే పెద్దది, ఎల్5 తరగతి ఆటోది తీసుకో. స్పేర్లు మన జిల్లాలోనే దొరుకుతాయి.

ఇంకో సంగతి, నీళ్లు. 2021 నవంబరు వానల్లో తిరుపతి ఎలా మునిగిందో అందరం చూశాం. రైల్వే అండర్‌పాస్‌లలో ఇప్పటికీ గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. 12 అంగుళాల టైరుకు చక్రం మధ్య భాగం నేల నుంచి పాతిక సెంటీమీటర్ల ఎత్తే. హబ్ మోటారు ఉండేది అక్కడే. వేడెక్కిన మోటారు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. మోటారు ఫ్రేము మీదుంటే ఎత్తులో పెట్టొచ్చు, లోపలికి గాలి ఆడే గొట్టాన్ని సీటు ఎత్తుకు తీసుకెళ్లొచ్చు.

టైర్లు 10 అంగుళాలు అనుకుంటున్నావేమో, వద్దు. మన గుంతలకు చిన్న చక్రం లోపలికి దిగిపోతుంది. 145/80 ఆర్12 తీసుకో, పాత ఆల్టో 800 సైజు. ఏ పల్లెలోనైనా దొరుకుతుంది.

రేణిగుంట_బ్యాటరీ:
బ్యాటరీల పనిలోనే ఉన్నాను కాబట్టి ఆ భాగం నేను చూస్తాను.

లెడ్ యాసిడ్ పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. అమర రాజా మన కరకంబాడిలోనే ఉంది, ఊరి నిండా ఆ పని తెలిసినవాళ్లే. బెంగళూరులో 2001లో వచ్చిన రేవా ఎలక్ట్రిక్ కారు కూడా లెడ్ యాసిడ్‌తోనే మొదలైంది, 6 వోల్టుల బ్యాటరీలు ఎనిమిది. కానీ 5 యూనిట్ల లెడ్ యాసిడ్ అంటే 140 కిలోలు. ఎల్ఎఫ్‌పీ ప్యాక్ 45-50 కిలోల్లో అయిపోతుంది. పైగా ఎక్కువ కరెంటు లాగితే లెడ్ యాసిడ్ ఇచ్చేదే తగ్గిపోతుంది. మీ 650 కిలోల హద్దులో దానికి చోటు లేదు.

ఎల్ఎఫ్‌పీలో జాగ్రత్త ఒకటుంది. ఇంటి సోలార్ ఇన్వర్టర్ల కోసం అమ్మే 100 ఆంపియర్ అవర్ సెల్స్ చవకగా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి ఆగకుండా ఇవ్వగలిగే కరెంటు 50 ఆంపియర్లే. మీకు ఘాట్ ఎక్కుతున్నంతసేపూ సగటున 80 ఆంపియర్లు, నిటారు చోట్ల 160 దాటుతుంది. డేటాషీట్‌లో ఆగకుండా 100, కాసేపు 200 ఇచ్చే సెల్స్ అని రాసి ఉంటేనే కొనండి. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

72 వోల్టులకు వెళ్తే కరెంటు తగ్గుతుంది, వైర్ల వేడి సగం కంటే తక్కువవుతుంది. అయినా నేను 48 దగ్గరే ఉండమంటాను. 16 సెల్స్ నిండుగా చార్జ్ అయినా 58.4 వోల్టులే. 60 దాటితే భద్రతా నిబంధనలు ఇంకో స్థాయికి పోతాయి, కరెంటు బాడీకి లీకవుతోందా అని చూసే ఇన్సులేషన్ మానిటరింగ్ లాంటివి వస్తాయి. షాపులో చెమట చేతులతో పని చేసే కుర్రాళ్లు ఉంటారు. లావు రాగి కేబుల్ వేయండి, కంట్రోలర్‌ను బ్యాటరీ పక్కనే పెట్టండి, అంతే.

ట్యాక్సీ అన్న చెప్పిన మోటారు బ్రేకింగ్‌కు ఇంకో షరతు. బ్యాటరీ నిండుగా ఉంటే వెనక్కి వచ్చే కరెంటును తీసుకోదు, బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. కొండ మీద ప్లగ్ దొరికింది కదా అని నింపుకుని దిగితే మొదటి మలుపులోనే మోటారు బ్రేకు పోతుంది. పైన చార్జ్ చేయకండి. అవసరం కూడా లేదు, ఎక్కాక సగం మిగిలే ఉంటుంది. మామూలు బ్రేకులు మాత్రం మోటారు సాయం లేకుండానే బండిని ఆపగలిగేంత పెద్దవి పెట్టండి, ముందు డిస్కులు తప్పనిసరి.

మంగళం_వెల్డర్:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దండాలు. హబ్ మోటార్లు మానేశాను. సెల్స్ విషయంలో రేణిగుంట అన్న సమయానికి చెప్పాడు, ఆ సోలార్ ఇన్వర్టర్ సెల్స్‌కే అడ్వాన్స్ ఇవ్వబోతున్నాం. సీట్లు మాత్రం ముందూ వెనకా అనే మనసు లాగుతోంది.

కొర్లగుంట_అక్క:
తమ్ముడూ, ఇప్పటిదాకా రాసినవాళ్లలో ఒక్కరూ వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో అడగలేదు. నువ్వే చెప్పావు, మీ అమ్మ.

ట్విజీలో వెనక మనిషి ఎలా కూర్చుంటారో ఒకసారి వీడియో చూడు. ముందు సీటుకు అటొక కాలు, ఇటొక కాలు పెట్టాలి. బండి పొట్టిగా ఉండాలంటే అలా తప్పదు. చీర కట్టుకున్న మనిషి ఎలా కూర్చుంటుంది? మీ అమ్మ స్కూటర్ మీద రెండు కాళ్లూ ఒకే వైపు వేసుకునే కూర్చుంటుంది కదా. అలా కూర్చునే మనిషికి నువ్వు కడుతున్న బండిలో చోటు లేదు. కాళ్లు రెండూ ఒకే పక్కన పెట్టించాలంటే వెనక సీటును ఇంకా వెనక్కి జరపాలి, బండి పొడవు పెరుగుతుంది, నీ 2.4 మీటర్లు పోతుంది.

ఎక్కడం ఇంకో కష్టం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆటో ఎక్కేటప్పుడు ఆమె చేసేది నేను రోజూ చూస్తాను. ముందు కడ్డీ పట్టుకుంటుంది, వీపు లోపలికి పెట్టి సీటు మీద కూర్చుంటుంది, ఆ తర్వాత కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని కాళ్లు లోపలికి తెచ్చుకుంటుంది. అంటే తలుపు వెడల్పుగా ఉండాలి, సీటు మోకాలి ఎత్తుకు దగ్గరగా ఉండాలి, గడప పల్చగా ఉండాలి. నీ ఫ్రేముకు పక్కన నడిచే పైపు ఎంత ఎత్తులో ఉంది? బ్యాటరీ నేల కింద పెడుతున్నావు కాబట్టి గడప ఇంకా లేస్తుంది. బ్యాటరీని సీట్ల కిందికి జరిపి, కాళ్లు పెట్టే చోటు నేలను కిందికి దించు. అప్పుడు బరువూ కిందే ఉంటుంది, గడపా తగ్గుతుంది.

ఇంకొకటి. పిల్లో, పెద్దావిడో వెనక ఉంటే నీకు కనిపించరు. ఘాట్‌లో మలుపులకు కళ్లు తిరిగి వాంతి వచ్చేలా ఉంటే వెనకాల ఉన్న మనిషి నీ భుజం తట్టాలి. పక్కన ఉంటే మొహం చూస్తే తెలుస్తుంది.

ఏర్పేడు_స్టూడెంట్:
అక్క చెప్పాక గాలి లెక్క నేను వేశాను. వెడల్పు 1.1 నుంచి 1.3 చేస్తే గాలికి ఎదురయ్యే భాగం పావు చదరపు మీటరు పెరుగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో దానివల్ల అదనపు అడ్డు 7 న్యూటన్లు. అంటే కిలోమీటరుకు 2 వాట్ అవర్లు. బండి మొత్తం వాడకం కిలోమీటరుకు 55-60 ఉంటుంది. నాలుగు శాతం కూడా కాదు! 80 వేగంలో అయితే నాలుగు రెట్లు అవుతుంది, కానీ అన్న బండి ఆ వేగంలో పోదు. తిరుపతి వీధుల్లో బండిని ఇరుకు చేసి గాలి దగ్గర మిగుల్చుకునేది దాదాపు ఏమీ లేదు. వీలైతే మంచి టైర్లు వేసి, గాలి సరిగ్గా కొట్టించండి, అంతకంటే ఎక్కువ మిగులుతుంది.

ఇద్దరు పక్కపక్కనే 1.3 మీటర్లలో పట్టడానికి ఒక పద్ధతి ఉంది. పక్క సీటును కొంచెం వెనక్కి జరుపుతారు. స్మార్ట్ ఫర్‌టూ అనే యూరప్ రెండు సీట్ల కారులో అలాగే ఉండేది, సిట్రొయెన్ వాళ్ల బుల్లి ఎలక్ట్రిక్ బండి అమీలో కూడా. భుజాలు ఒకదానికొకటి తగలవు, చూడటానికి పక్కపక్కనే ఉంటారు.

చిత్తూరు_లెక్కల_మాస్టారు:
స్టూడెంట్ లెక్క సరిగ్గా ఉంది. బోల్తా లెక్క కూడా బాగుపడుతుంది. ట్రాక్ 1.15 అయితే మన సంఖ్య 1.15కి వస్తుంది. కొర్లగుంట అమ్మగారి మాట వల్ల ఎక్కడం, దిగడం, నిలకడ మూడూ మెరుగయ్యాయి.

పాకాల_మెకానిక్:
అక్కా, నమస్తే. బ్యాటరీ సీట్ల కిందికి అన్నది చాలా మంచి మాట. నీళ్లలో కూడా అదే మంచిది, నేల కింద డబ్బా అంటే మొదట తడిసేది అదే.

తమ్ముడూ, వెడల్పు ఖాయం చేయకముందే బండి ముందు అద్దం కొను. వినడానికి విచిత్రంగా ఉండొచ్చు. ముందు అద్దం లామినేటెడ్‌దే కావాలి, పగిలినా ముక్కలు మొహం మీద పడకూడదు. వంపు తిరిగిన అద్దం ఒక్కటి చేయించాలంటే అచ్చుకే బండికయ్యేంత ఖర్చవుతుంది. గూడ్స్ ఆటో అద్దాలు దాదాపు చదునుగా ఉంటాయి, లామినేటెడ్, రబ్బరు బీడింగ్‌తో సహా దొరుకుతాయి. ఆ అద్దం ఎంత వెడల్పో దాన్ని బట్టి బాడీ కట్టు. వైపర్ ఒక్కటి చాలు, నానో కారుకు ఒక్కటే ఉండేది.

తలుపుల విషయంలో అమీ వాళ్లు చేసిన పని నాకు బాగా నచ్చింది. ఎడమ తలుపు, కుడి తలుపు రెండూ ఒకటే భాగం. అందుకని ఒక పక్కది ముందు నుంచి తెరుచుకుంటుంది, రెండో పక్కది వెనక నుంచి. నీకు ఒకటే జిగ్, ఒకటే అచ్చు. ఎలాగూ ఒకటి వెనక వైపు బందుతో రావాలి, అది అమ్మ కూర్చునే పక్క పెట్టు. వీపు పెట్టి కూర్చునేవాళ్లకు అలా తెరుచుకుంటే సులువు. కాకపోతే నడుస్తున్నప్పుడు గొళ్లెం ఊడితే గాలికి పూర్తిగా తెరుచుకునేది అదే తలుపు, అందుకని రెండు దశల కారు లాక్ వేయి, గేటుకు వేసేది కాదు.

పలమనేరు_రైతు:
ఏసీ గురించి ఎవరూ మాట్లాడలేదు. మే నెలలో తిరుపతిలో అద్దాల పెట్టెలో ఎలా కూర్చుంటారు?

రేణిగుంట_బ్యాటరీ:
@పలమనేరు_రైతు మంచి ప్రశ్న. చిన్న ఏసీ కూడా కిలోవాట్ తింటుంది. ఊళ్లో సగటు వేగం గంటకు 20 అనుకోండి. 40 కిలోమీటర్లకు రెండు గంటలు, అంటే ఏసీకే 2 యూనిట్లు. నడవడానికి 2.3. మొత్తం 4.3. మన బ్యాటరీలో వాడుకోదగ్గది 4.6. సరిపోయింది, కానీ సాయంత్రం చంద్రగిరి వెళ్దామంటే లేదు. నెమ్మదిగా పోయే బండిలో ఏసీ భారం కిలోమీటరు లెక్కన చాలా ఎక్కువ. హైవే మీద గంటకు 60లో పోతే అదే ఏసీ మూడో వంతే తింటుంది.

సోలార్ కూడా ఇక్కడే కలిపి చూడాలి. ఈ పైకప్పు మీద పట్టేది 280 వాట్ల ప్యానెల్. చదునుగా పడుకోబెట్టి, దుమ్ముతో, వేడితో, రోజుకు యూనిట్ కంటే తక్కువే. 15 కిలోమీటర్లు వస్తాయి, కాదనను. కానీ అందుకోసం బండిని రోజంతా ఎండలో పెట్టాలి. ఎండలో పెట్టిన బండిని చల్లబరచడానికి ఏసీ ఇంకా ఎక్కువ తింటుంది. బ్యాటరీ కూడా ఎండలో కాగుతుంది. గాజు ప్యానెల్ పదహారు, పదిహేడు కిలోలు, అదీ అన్నిటికంటే ఎత్తులో. మాస్టారి 0.79 గుర్తుందా? ప్యానెల్‌ను ఇంటి మిద్దె మీద దక్షిణానికి వంచి పెట్టండి, బండిని నీడలో ఉంచి అక్కడి నుంచి చార్జ్ చేయండి. అదే ప్యానెల్ అక్కడ ఎక్కువ ఇస్తుంది.

కొర్లగుంట_అక్క:
ఏసీ లేకుండా మొదలుపెట్టు, కానీ దానికి చోటు, బ్రాకెట్లు వదిలిపెట్టు. పైకప్పుకు తెల్ల రంగు, కింద థర్మోకోల్‌తో రెండో పొర, కాళ్ల దగ్గర గాలి వచ్చే తూము. ముందు అద్దం మరీ వాల్చొద్దు, వాలిన అద్దం నడినెత్తి ఎండను ఒళ్లోకి తెస్తుంది.

మోపెడ్_నుంచి_కారు:
ఈ బండిని రోడ్డు మీద తిప్పనిస్తారా? రిజిస్ట్రేషన్ ఎలా?

అలిపిరి_ట్యాక్సీ:
నేనూ అదే అడగాలనుకున్నాను. అలిపిరి చెక్‌పోస్టులో నంబరు ప్లేటు లేకుండా ముందుకు పోనివ్వరు.

రేణిగుంట_బ్యాటరీ:
రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల వేగం లోపు టూ వీలర్లకు. దీనికి వర్తించదు. ఇది క్వాడ్రిసైకిల్ (కారు కంటే చిన్నదైన, తేలికైన నాలుగు చక్రాల బండి) తరగతిలోకి వస్తుంది. 2018లో ఆ తరగతిని సొంత వాహనాలకూ తెరిచారు, బజాజ్ క్యూట్ వచ్చింది అలాగే. కానీ కేంద్ర మోటారు వాహనాల నిబంధన 126 కింద ఏదైనా గుర్తింపు పొందిన సంస్థలో టెస్టు చేయించి ఆమోదం తీసుకోవాలి. మనకు దగ్గరున్నది చెన్నై పక్కన ఒరగడంలోని జీఏఆర్‌సీ. అప్పటిదాకా ప్రైవేటు స్థలంలోనే నడపాలి. కాలేజీ క్యాంపస్ వాళ్లను అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని పరీక్షలు చేసుకోవడం మేలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2016లో యూరప్‌లో బండ్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 50 కిలోమీటర్ల వేగంలో క్వాడ్రిసైకిళ్లను గుద్దించి చూశారు. క్యూట్‌కు ఐదింటికి ఒక్క స్టార్ వచ్చింది. పెద్ద కంపెనీ కట్టిన బండే అంత. 650 కిలోల హద్దు కోసం పక్క పైపులు, సీటు బెల్టు బిగించే చోట్లు తగ్గించకండి. బరువు తగ్గించాలంటే ప్యానెల్‌లో, బ్యాటరీలో, అద్దాల్లో తగ్గించండి, మనిషి చుట్టూ ఉన్న ఉక్కులో కాదు. చిత్తూరు హైవే మీదికి ఎప్పటికీ తీసుకెళ్లకండి. ఆరు లేన్లలో లారీల మధ్య ఈ బండికి చోటు లేదు.

మంగళం_వెల్డర్:
నిన్న రాత్రి మిత్రులతో కూర్చుని మొత్తం మళ్లీ చదివాం. ఈ మార్పులు చేస్తున్నాం.

సీట్లు పక్కపక్కనే, అమ్మ సీటు 20 సెంటీమీటర్లు వెనక్కి. వెడల్పు అద్దం దొరికాక ఖాయం చేస్తాం, 1.3 దగ్గర ఉంటుంది. బ్యాటరీ రెండు పెట్టెలుగా సీట్ల కింద. పక్క పైపును తలుపు దగ్గర కిందికి వంచి గడప తగ్గిస్తున్నాం, ఆ బలం పోకుండా సీటు వెనకాల అడ్డంగా ఇంకో పైపు వేసి తలుపు చట్రానికి కలుపుతాం. చెక్క బల్లలతో సీటు, గడప, తలుపు కొలతల్లో ఒక నమూనా పెట్టి అమ్మను కూర్చోబెట్టి చూశాం. గడప 38 సెంటీమీటర్లు ఉంటే కాలు ఎత్తడానికి ఇబ్బంది పడింది, 30కి దించితే వీపు పెట్టి తేలిగ్గా కూర్చుంది. తలుపు పైన పట్టుకోవడానికి కడ్డీ కావాలని తనే అడిగింది. సోలార్ మిద్దె మీదికి పోయింది. మోటారు ఆటో యూనిట్.

మాస్టారూ, ఒక సందేహం మిగిలింది. మోటారు, డిఫరెన్షియల్, ఇద్దరు మనుషులు, బ్యాటరీ అన్నీ ఇప్పుడు వెనక వైపుకే వచ్చాయి. ముందు చక్రాల మీద బరువు మరీ తక్కువైతే ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోదా?

చిత్తూరు_లెక్కల_మాస్టారు:
సరైన చోటే అనుమానం వచ్చింది. చదునుగా నిలబెట్టినప్పుడు ముందు చక్రాల మీద మొత్తంలో కనీసం 40 శాతం ఉండేలా చూడండి. పది శాతం వాలు ఎక్కేటప్పుడు అందులోంచి మూడు శాతం దాకా వెనక్కి జారుతుంది, గట్టిగా కదిలితే ఇంకొంచెం. 40 ఉంటే ఇబ్బంది లేదు. 33కి పడిపోతే వాన రోజు మలుపులో బండి తిన్నగా పోవాలని చూస్తుంది. మోటారు బ్రేకు కూడా వెనక చక్రాలకే ఉంది కాబట్టి తడి రోడ్డు మీద దాన్ని సగానికి తగ్గించే స్విచ్ ఒకటి పెట్టండి, లేకపోతే దిగేటప్పుడు వెనక చక్రాలు జారతాయి.

రెండు బ్యాటరీ పెట్టెల్లో ఒకదాన్ని ముందు పాదాల ముందుకు జరిపితే ఎంత మారుతుందో చూడండి. కంట్రోలర్, చార్జర్, స్పేర్ టైరు కూడా ముందుకే.

పాకాల_మెకానిక్:
బ్యాటరీని పాదాల ముందు పెట్టొద్దు మాస్టారూ, గుద్దుకుంటే మొదట నలిగేది అదే. స్పేర్ టైరు, చార్జర్ ముందుకు పోనీ. సరిపోకపోతే ముందు యాక్సిల్‌ను పది సెంటీమీటర్లు వెనక్కి తీసుకురా తమ్ముడూ, ఫ్రేము ఇంకా టాక్ వెల్డింగ్‌లోనే, అంటే అక్కడక్కడ చుక్కలతో అతికించిన దశలోనే ఉంది కదా.

చిత్తూరు_లెక్కల_మాస్టారు:
మెకానిక్ గారి మాటే సరైనది. బ్యాటరీ సీట్ల కిందే ఉండనివ్వండి.

మంగళం_వెల్డర్:
యాక్సిల్ జరుపుతాం. ఎంత జరపాలో తెలియాలంటే ముందూ వెనకా విడివిడిగా తూచాలి. మా వీధిలో పాత ఇనుము షాపువాళ్ల దగ్గర తూకం ప్లాట్‌ఫాం ఉంది. ముందు చక్రాలు దాని మీద, వెనక చక్రాలు అదే ఎత్తు దిమ్మెల మీద పెట్టి, ఇద్దరం కూర్చుని తూస్తాం. అంకెలు రాగానే ఇక్కడే పెడతాను.

పాకాల_మెకానిక్:
బ్యాటరీ ఇంకా రాలేదు కాబట్టి సీట్ల కింద అంతే బరువు ఇసుక సంచులు పెట్టి తూచు. ఆదివారం షాపు మూసేశాక నేనూ వస్తాను, స్టీరింగ్ రాడ్లు కూడా అప్పుడే చూద్దాం.